డౌన్‌లోడ్ మేనేజర్లకి క్రోమ్ వేషం ఎందుకు?

ఒక డౌన్‌లోడ్ 97 శాతం దాకా వచ్చి ఆగిపోయింది. రెజ్యూమ్ నొక్కితే మళ్లీ సున్నా నుంచి మొదలైంది. ఇలాంటప్పుడు మనం ముందు తిట్టేది నెట్‌ని, తర్వాత రూటర్‌ని, ఆ తర్వాత వెబ్‌సైట్‌ని. డౌన్‌లోడ్ చేస్తున్న ప్రోగ్రామ్‌ని మాత్రం ఎవరూ అనుమానించరు. నిజానికి చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. ఫైల్ కావాలని సర్వర్‌ని అడిగేటప్పుడు ఆ ప్రోగ్రామ్ ఏం చెప్పింది, ఏం చెప్పలేదు అన్నదాని మీదే ఆ డౌన్‌లోడ్ జాతకం ఆధారపడి ఉంటుంది.

హాస్టల్ రూమ్‌లో ఫోన్ హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్ నడిపేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఐఎస్ఓ దాదాపు 6 జీబీ. రోజుకి 2 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకి అది మూడు రోజుల డేటా. లిమిట్ దాటాక స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోయే ప్లాన్ అయితే, ఒక్క జీబీ దిగడానికే దాదాపు 35 గంటలు పడుతుంది. మూడో రోజు రెజ్యూమ్ ఫెయిల్ అయితే పోయేది మూడు రోజుల డేటా, దానికి కట్టిన డబ్బు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తా. డెస్క్‌టాప్ డౌన్‌లోడ్ ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లు బ్రౌజర్ వేషం వేయడం మీద పెట్టే శ్రద్ధలో సగం, సరైన హెడర్లు పంపడం మీద పెడితే మన కష్టాలు చాలావరకు తీరిపోతాయి. వేషం వల్ల మనకి వచ్చే లాభం తక్కువ. సరైన హెడర్లు లేకపోవడం వల్ల జరిగే నష్టం మాత్రం చాలా ఎక్కువ.

అసలు హెడర్లంటే ఏంటి?

మీరు ఒక లింక్ క్లిక్ చేసినప్పుడు బ్రౌజర్ సర్వర్‌కి ఒక చిన్న చీటీ పంపిస్తుంది. మొదటి లైన్‌లో ఏ ఫైల్ కావాలో ఉంటుంది. దాని కింద వరసగా వచ్చే లైన్లే రిక్వెస్ట్ హెడర్లు. నేనెవరు అనేది యూజర్-ఏజెంట్ చెప్తుంది. ఏ పేజీ నుంచి వచ్చాను అనేది రెఫరర్ చెప్తుంది (ఇంగ్లిష్‌లో ఈ హెడర్ పేరులో ఒక ఆర్ అక్షరం తక్కువ. 1990ల్లో స్పెల్లింగ్ తప్పు రాశారు, ఇప్పటికీ అలాగే ఉంది). ఏ కంప్రెషన్ అర్థమవుతుంది అనేది యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్. లాగిన్ అయి ఉన్నానా లేదా అని చూపించేది కుకీ.

బ్రౌజర్ ఇవన్నీ మనకి తెలియకుండానే నింపేస్తుంది. సొంతంగా రాసిన ప్రోగ్రామ్ అలా కాదు. పైథాన్‌లో రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడితే యూజర్-ఏజెంట్‌లో "పైథాన్-రిక్వెస్ట్స్" అని, దాని వెర్షన్ నంబర్ అని వెళ్తుంది. డాట్‌నెట్‌లో హెచ్‌టీటీపీక్లయింట్ వాడితే, మీరు పెట్టకపోతే యూజర్-ఏజెంట్ అసలు వెళ్లదు. అందుకే "బ్రౌజర్‌లో ఓపెన్ అవుతున్న లింక్ నా ప్రోగ్రామ్‌లో 403 ఇస్తోంది" అనే గోల. సర్వర్‌కి లింక్ ఒక్కటే కనపడదు, చీటీ మొత్తం కనపడుతుంది.

వేషాల కథ ఇప్పటిది కాదు

403 రాగానే చాలామంది చేసే మొదటి పని, క్రోమ్ యూజర్-ఏజెంట్‌ని కాపీ కొట్టి తమ కోడ్‌లో పేస్ట్ చేయడం. ఆ స్ట్రింగ్ ఒకసారి చూడండి: "మోజిల్లా/5.0 (విండోస్ ఎన్‌టీ 10.0, విన్64, ఎక్స్64) యాపిల్‌వెబ్‌కిట్/537.36 (కేహెచ్‌టీఎంఎల్, లైక్ గెకో) క్రోమ్/… సఫారీ/537.36". ఒక్క క్రోమ్ తన పేరు చెప్పుకోవడానికి ఇంతమంది పేర్లు వాడుకుంది.

1990ల్లో నెట్‌స్కేప్ బ్రౌజర్ తనని మోజిల్లా అని చెప్పుకునేది. ఫ్రేమ్‌లు ఉన్న పేజీలని కొన్ని సర్వర్లు మోజిల్లా అన్న పేరు చూసే ఇచ్చేవి. దాంతో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా తన యూజర్-ఏజెంట్ మొదట్లో మోజిల్లా అని రాసుకుని, బ్రాకెట్‌లో "కంపాటిబుల్" అని తగిలించింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు గెకో లాంటివాళ్లమని, వాళ్ల తర్వాతివాళ్లు సఫారీ లాంటివాళ్లమని చెప్పుకుంటూ పోయారు. 2008లో వచ్చిన క్రోమ్ అందరి పేర్లూ మోసుకొచ్చింది. విండోస్ 11 మీద నడుస్తున్న క్రోమ్ కూడా ఇప్పటికీ "విండోస్ ఎన్‌టీ 10.0" అనే అంటుంది. 2022 నుంచి క్రోమ్ తన వెర్షన్‌లో మొదటి నంబర్ తప్ప మిగతావన్నీ సున్నాలుగా చూపిస్తోంది. అంటే బ్రౌజర్ తయారుచేసేవాళ్లే ఈ స్ట్రింగ్ మీద ఆశ వదులుకుంటున్నారు. మన డౌన్‌లోడ్ ప్రోగ్రామ్‌లు మాత్రం దాన్నే తాయెత్తులా కట్టుకుని తిరుగుతున్నాయి.

వేషం ఎందుకు పనికిరాదు?

మొదటి కారణం, దొరికిపోతుంది. అసలు క్రోమ్ యూజర్-ఏజెంట్‌తో పాటు సెక్-సీహెచ్-యూఏ, సెక్-ఫెచ్ లాంటి ఇంకో అరడజను హెడర్లు పంపిస్తుంది. మీ ప్రోగ్రామ్ క్రోమ్ పేరు చెప్పి అవి పంపకపోతే, పోలీస్ డ్రెస్ వేసుకుని కాళ్లకి హవాయి చెప్పులు తొడుక్కున్నట్టు ఉంటుంది. అవి కూడా కాపీ కొట్టారే అనుకుందాం. హెడర్ల కంటే ముందే జరిగే టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్‌లో మీ లైబ్రరీ ఏ సైఫర్లని ఏ వరసలో చెప్తుందో, దాన్ని బట్టి అది క్రోమో పైథానో సర్వర్ పోల్చుకోగలదు. 2017లో వచ్చిన జేఏ3 అనే పద్ధతి చేసేది ఇదే. పులిని చూసి నక్క వాత పెట్టుకుంటే ఒళ్లు కాలుతుందే తప్ప పులి అవ్వదు.

రెండో కారణం, వేషం ముసలిదైపోతుంది. క్రోమ్ 80 వచ్చింది 2020 ఫిబ్రవరిలో. ఆ రోజు కోడ్‌లో పేస్ట్ చేసి మర్చిపోయిన ప్రోగ్రామ్, ఏళ్లు గడిచినా అదే వెర్షన్ చెప్తూ ఉంటుంది. బ్రౌజర్లు వాటంతట అవే అప్‌డేట్ అయ్యే ఈ కాలంలో అంత పాత క్రోమ్ పేరుతో వేల రిక్వెస్ట్‌లు వస్తుంటే ఏ అడ్మిన్‌కైనా అనుమానం వస్తుంది. మామూలు పేరుతో వెళ్తే తెరుచుకునే తలుపు, వేషం వల్లే మూసుకుపోతుంది.

మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. పేరు దాచుకున్నవాడితో ఎవరూ మాట్లాడలేరు. మీ ప్రోగ్రామ్‌లో ఒక బగ్ ఉండి, ఫెయిలైన డౌన్‌లోడ్‌ని సెకనుకి పదిసార్లు మళ్లీ అడుగుతోందనుకోండి. యూజర్-ఏజెంట్‌లో ప్రోగ్రామ్ పేరు, వెర్షన్, ప్రాజెక్ట్ పేజీ అడ్రస్ ఉంటే సర్వర్ నడిపేవాళ్లు ఒక మెయిల్ పెడతారు, లేదా ఆ ఒక్క వెర్షన్‌ని ఆపుతారు. క్రోమ్ అని ఉంటే ఏం చేస్తారు? ఐపీ రేంజ్ మొత్తం బ్లాక్ చేస్తారు. మన మొబైల్ నెట్‌వర్క్‌లలో ఒకే పబ్లిక్ ఐపీ వెనక చాలామంది ఉంటారు కాబట్టి, ఎవరో రాసిన బగ్‌కి ఆ ప్రోగ్రామ్ పేరు కూడా విననివాళ్లు బలైపోతారు.

ఇది నా ఒక్కడి గొడవ కాదు. 2022 జూన్‌లో వచ్చిన హెచ్‌టీటీపీ ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 9110 కూడా ఇదే చెప్తోంది. ఇంకో ప్రోగ్రామ్ పేరు వాడుకుని కంపాటిబుల్ అని చెప్పుకోవద్దు, అలా చేస్తే ఈ హెడర్ ఉన్న ప్రయోజనమే దెబ్బతింటుంది అని దాని సారాంశం. గిట్‌హబ్ ఏపీఐ యూజర్-ఏజెంట్ లేని రిక్వెస్ట్‌ని తిప్పి పంపిస్తుంది. వికీపీడియా నడిపే వికీమీడియా ఫౌండేషన్ అయితే ప్రోగ్రామ్ పేరుతో పాటు కాంటాక్ట్ వివరాలు కూడా పెట్టమని తన పాలసీలోనే రాసింది. కర్ల్, వీగెట్, ఏరియా2 లాంటి టూల్స్ ఏళ్ల తరబడి డిఫాల్ట్‌గా సొంత పేరే చెప్తున్నాయి. వాటి పని ఆగలేదు కదా.

అడగందే అమ్మయినా పెట్టదు

ఇక రెజ్యూమ్ సంగతి. ఫైల్‌లో కొంత ముక్క మాత్రమే కావాలని అడగడానికి రేంజ్ అనే హెడర్ ఉంది. ఇదేం కొత్తది కాదు, 1997 జనవరిలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 నుంచే ఉంది. 4 జీబీ దిగాక లైన్ కట్ అయితే, ప్రోగ్రామ్ మళ్లీ కనెక్ట్ అయి "400 కోట్ల బైట్ నుంచి చివరి దాకా ఇవ్వు" అని రేంజ్‌లో అడగాలి. సర్వర్ ఒప్పుకుంటే 206 అనే కోడ్‌తో ఆ ముక్క ఒక్కటే ఇస్తుంది. రేంజ్ పంపకపోతే సర్వర్ తప్పేం లేదు. అడగందే అమ్మయినా పెట్టదు అన్నట్టు, అడగలేదు కాబట్టి ఫైల్ మొత్తం మొదటి నుంచి ఇస్తుంది.

ఇక్కడ రెండు గోతులున్నాయి. మొదటిది, రేంజ్ అడిగినా దాన్ని పట్టించుకోకుండా మొత్తం ఫైల్ ఇచ్చే హక్కు సర్వర్‌కి ఉంది. అప్పుడు కోడ్ 206 బదులు 200 వస్తుంది. ఆ తేడా చూడకుండా వచ్చినదాన్ని వచ్చినట్టు పాత ముక్కకి అతికించే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. 6 జీబీ ఫైల్ 10 జీబీ అవుతుంది, అది ఎందుకూ పనికిరాదు.

రెండో గొయ్యి ఇంకా లోతు. మీరు నిన్న సగం దింపుకున్నారు. రాత్రికి రాత్రి అదే లింక్‌లో కొత్త బిల్డ్ పెట్టారు. డైలీ బిల్డ్‌లు, "లేటెస్ట్" అన్న పేరుతో ఉండే లింక్‌ల విషయంలో ఇది మామూలే. ఈ రోజు రేంజ్ అడిగితే సర్వర్ కొత్త ఫైల్‌లోని రెండో సగం ఇస్తుంది. మొండెం నిన్నటిది, తల ఈ రోజుది. వినాయకుడి కథలో అతుక్కుంది కానీ ఐఎస్ఓ ఫైల్‌లో అతకదు. సైజు కూడా సరిపోయిందంటే ప్రోగ్రామ్ "కంప్లీట్" అని పచ్చటి టిక్ కూడా పెట్టేస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు గానీ అసలు రంగు బయటపడదు.

దీనికి మందు ఇఫ్-రేంజ్. సర్వర్ మొదటిసారి ఫైల్ ఇచ్చేటప్పుడు ఈట్యాగ్ అని ఒక గుర్తు ఇస్తుంది. ప్రోగ్రామ్ దాన్ని దాచుకుని, రెజ్యూమ్ చేసేటప్పుడు ఇఫ్-రేంజ్‌లో తిరిగి పంపాలి. "ఫైల్ ఇంకా ఇదే అయితే మిగతా ముక్క ఇవ్వు, మారి ఉంటే మొత్తం కొత్తగా ఇవ్వు" అని దాని అర్థం. ఒక్క లైన్. అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ రెండూ మామూలు ఫైల్స్‌కి ఈట్యాగ్ డిఫాల్ట్‌గా ఇస్తాయి. ఈట్యాగ్ లేకపోతే లాస్ట్-మాడిఫైడ్ తేదీ వాడుకోవచ్చు. 1997 నుంచి ఉన్న సౌకర్యాన్ని వాడుకోకుండా, యూజర్‌ని చెక్‌సమ్ చూసుకోమనడం బద్ధకం అంటాను నేను.

దీనికి ఒక చిన్న మెలిక ఉంది. చాలా లైబ్రరీలు యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్‌లో జీజిప్ అని వాటంతట అవే పెట్టేస్తాయి. వెబ్ పేజీలకి అది మంచిదే, డౌన్‌లోడ్‌లకి తలనొప్పి. సర్వర్ అప్పటికప్పుడు కంప్రెస్ చేసి పంపితే మొత్తం సైజు ముందే చెప్పలేకపోవచ్చు, ప్రోగ్రెస్ బార్ దారి తప్పుతుంది. పైగా అలా కంప్రెస్ చేసినప్పుడు ఎన్‌జిన్‌ఎక్స్ ఈట్యాగ్‌ని "వీక్" రకంగా మార్చేస్తుంది. వీక్ ఈట్యాగ్‌ని ఇఫ్-రేంజ్‌లో వాడకూడదని ప్రమాణమే చెప్తోంది. అంటే రెజ్యూమ్‌కి ఉన్న ఆధారం పోయినట్టే. ఫైల్ డౌన్‌లోడ్‌కి వెళ్లేటప్పుడు "ఐడెంటిటీ", అంటే ఉన్నది ఉన్నట్టు ఇవ్వు అని అడిగితే ఈ గొడవే ఉండదు.

తాళాలు ఎవరి చేతిలో?

ఇప్పటిదాకా చెప్పింది డేటా నష్టం. కుకీ, ఆథరైజేషన్ అనే రెండు హెడర్ల దగ్గర నష్టం ఇంకా పెద్దది. ఎందుకంటే అవి మీ అకౌంట్ తాళాలు. డౌన్‌లోడ్ మేనేజర్లు బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోమని అడిగేది చాలావరకు వీటి కోసమే. లాగిన్ అయితేనే దొరికే ఫైల్‌కి ఆ కుకీ లేకుండా పని జరగదు, నిజమే. కానీ ఆ తాళం ఎవరికి చూపిస్తోందనేది ప్రోగ్రామ్ చూసుకోవాలి.

డౌన్‌లోడ్ లింక్ ఒక డొమైన్‌లో ఉంటుంది, అసలు ఫైల్ వేరే సీడీఎన్‌లో ఉంటుంది, మధ్యలో రీడైరెక్ట్. ఆ దారి మళ్లింపులో మొదటి సైట్ కోసం ఇచ్చిన టోకెన్‌ని రెండో సైట్‌కి కూడా ఇచ్చేస్తే? ఎంత పేరున్న టూల్స్‌లోనైనా ఈ తప్పు దొర్లింది. యూజర్ సొంతంగా పెట్టిన ఆథరైజేషన్ హెడర్‌ని కర్ల్ రీడైరెక్ట్ అయిన వేరే హోస్ట్‌కి కూడా పంపుతోందని తేలి, 2018 జనవరిలో 7.58.0 వెర్షన్‌లో సరిచేశారు. అదే ఏడాది పైథాన్ రిక్వెస్ట్స్‌లో, హెచ్‌టీటీపీఎస్ నుంచి మామూలు హెచ్‌టీటీపీకి రీడైరెక్ట్ అయినప్పుడు టోకెన్ బయటపడే లోపం దొరికింది, 2.20.0లో మూసేశారు. వాళ్లు ఓపెన్‌గా ఒప్పుకుని సరిచేశారు కాబట్టి మనకి తెలిసింది. సోర్స్ కోడ్ కనపడని, ఏళ్లుగా అప్‌డేట్ రాని డౌన్‌లోడర్‌లో ఏముందో మనకేం తెలుసు?

ఇదే చోట మనం చేసే పని కూడా ఒకటుంది. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో "కాపీ యాజ్ కర్ల్" అంటే ఆ రిక్వెస్ట్ హెడర్లన్నీ క్లిప్‌బోర్డ్‌లోకి వస్తాయి. డీబగ్ చేయడానికి బంగారం లాంటి సౌకర్యం. దాన్ని అలాగే టెలిగ్రామ్ గ్రూప్‌లో పేస్ట్ చేసి "బ్రో, ఇది ఎందుకు రావట్లేదు" అని అడిగితే మాత్రం, అందులో ఉన్న కుకీతో మీ లాగిన్ మొత్తం గ్రూప్ చేతికి ఇచ్చినట్టే. షేర్ చేసే ముందు కుకీ, ఆథరైజేషన్ లైన్లు తీసేయండి.

మరి నిజం చెప్తే బ్లాక్ చేస్తున్నారు కదా?

ఇది న్యాయమైన ప్రశ్న. పైథాన్ అన్న పేరు కనపడగానే 403 కొట్టే సైట్లు ఉన్నాయి. ఆ తప్పులో సర్వర్లు నడిపేవాళ్లకీ వాటా ఉంది. పేరు చూసి గెంటేస్తే అందరికీ అబద్ధం చెప్పడం నేర్పినట్టే. 1990ల్లో మోజిల్లా విషయంలో జరిగింది ఇదే. సెకనుకి ఎన్ని రిక్వెస్ట్‌లు, ఎన్ని కనెక్షన్లు అన్న ప్రవర్తన చూసి ఆపాలి. దానికి పద్ధతి కూడా ఉంది. 2012లో ప్రమాణంలోకి వచ్చిన 429 అనే కోడ్ ఇచ్చి, రిట్రై-ఆఫ్టర్‌లో ఎంతసేపు ఆగాలో చెప్పొచ్చు.

ప్రోగ్రామ్ ఆ మాట వినాలి. 16 కనెక్షన్లు ఒకేసారి తెరిస్తే స్పీడ్ వస్తుందని ప్రచారం చేసుకునే టూల్స్ చాలా ఉన్నాయి. ఏరియా2లో ఒక సర్వర్‌కి గరిష్ఠ పరిమితి 16, కానీ డిఫాల్ట్ 1 మాత్రమే. ఆ డిఫాల్ట్‌లో ఉన్న మర్యాద నాకు నచ్చుతుంది. పది మంది వాలంటీర్లు నడిపే మిర్రర్ సర్వర్ మీద 16 కనెక్షన్లతో పడితే, మీ ఫైల్ రెండు నిమిషాలు ముందు రావచ్చు, వెనక క్యూలో ఉన్నవాళ్లు ఆగిపోతారు.

కొన్ని సైట్లు ప్రోగ్రామ్‌లతో డౌన్‌లోడ్ చేయొద్దనే నిబంధన పెట్టుకుంటాయి. అప్పుడు వేషం వేయడం టెక్నికల్ ట్రిక్ అనిపించుకోదు, వద్దన్న ఇంట్లోకి మారుపేరుతో వెళ్లడం అవుతుంది. ఆ సైట్‌కి ఏపీఐ ఉందా చూడండి, లేకపోతే బ్రౌజర్‌లోనే దింపుకోండి.

ఇన్‌స్టాల్ చేసే ముందు మూడు టెస్ట్‌లు

కోడ్ రాయడం రాకపోయినా ఇవి చేయొచ్చు. మొదటిది, హెచ్‌టీటీపీబిన్ డాట్ ఓఆర్‌జీ సైట్‌లో "హెడర్స్" అనే అడ్రస్ ఉంది. ఎవరు అడిగితే వాళ్ల హెడర్లని వాళ్లకే తిరిగి చూపిస్తుంది. ఆ అడ్రస్‌ని మీ డౌన్‌లోడ్ మేనేజర్‌లో పెట్టి, వచ్చిన ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ చేయండి. మీ ప్రోగ్రామ్ తనని ఏమని చెప్పుకుంటోందో మీ కళ్ల ముందే ఉంటుంది. సొంత పేరుందా, ఎప్పటిదో క్రోమ్ ఉందా చూడండి.

రెండోది, చెక్‌సమ్ ఇచ్చే ఏదైనా ఓ మోస్తరు ఫైల్ మొదలుపెట్టి సగంలో నెట్ తీసేయండి. ప్రోగ్రామ్ మూసి, మళ్లీ తెరిచి రెజ్యూమ్ చేయండి. డేటా మీటర్‌లో ఎంత ఖర్చయిందో చూడండి, చివర్లో ఎస్‌హెచ్‌ఏ-256 సరిపోల్చండి. మూడోది, లాగిన్ అవసరమైన ఫైల్ లింక్‌ని లాగిన్ లేకుండా ఇవ్వండి. మంచి ప్రోగ్రామ్ "పర్మిషన్ లేదు" అని చెప్తుంది. చెడ్డది లాగిన్ పేజీని దింపుకుని, దానికే జిప్ అని పేరు పెట్టి, 4 కేబీ ఫైల్‌ని విజయవంతంగా సేవ్ చేశానంటుంది.

డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్ రివ్యూ అంటే స్పీడ్ గ్రాఫ్, డార్క్ మోడ్, ధర దగ్గరే ఆగిపోతున్నాం. ఫోన్ రివ్యూలో బ్యాటరీ డ్రెయిన్ టెస్ట్ ఎంత మామూలైపోయిందో, డౌన్‌లోడర్ రివ్యూలో ఈ మూడు టెస్ట్‌లూ అంత మామూలు కావాలి. ఇక ప్రోగ్రామ్‌లు రాసే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక్క మాట. ఈ వీకెండ్ మీ ప్రాజెక్ట్ తెరిచి, యూజర్-ఏజెంట్ లైన్‌లో క్రోమ్ తీసేసి మీ టూల్ పేరు, వెర్షన్, పేజీ అడ్రస్ రాయండి. దాని కింద ఇఫ్-రేంజ్ లైన్ చేర్చండి. పట్టుమని పది నిమిషాల పని. రోజుకి 2 జీబీతో మూడు రోజులుగా ఐఎస్ఓ దింపుకుంటున్నవాళ్లకి అది మూడు రోజుల డేటా.